ఆరో పంక్తిలో సుద్ద

బుధవారం పొద్దున పది గంటలకు సంగతి ఇక్కడిదాకా వచ్చింది.

కుందుర్పి మండలం నల్లబండపల్లి చెరువు ఏడేళ్ల తర్వాత నిండింది. మరవ మీదుగా, అంటే అలుగు మీదుగా, నీళ్లు పొర్లుతున్నాయి. శుక్రవారం గంగపూజ. ఆ నీళ్లలోకి మొదటి చేట వదిలేది ఎవరన్నది తగాదా. చేటలో చీర, రవిక గుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు ఉంటాయి. ఇరవై రెండేళ్ల కిందటి దాకా ఆ చేట నీరుగంటి ఇంటిది. తూము తెరిచి, మూసి, మడిమడికీ నీళ్లు పంచే పని చేసిన ఇల్లు. ఆ ఇంటి కోడలు లక్ష్మక్క. ఆమె భర్త తిప్పయ్య నాలుగేళ్ల కిందట చనిపోయాడు.

2003లో పెన్నాతీర చరిత్ర సంఘం తన తొమ్మిదో వార్షిక సంపుటంలో ఆ చెరువు కట్ట మీది శాసనాన్ని అచ్చువేసింది. వ్యాసం రాసింది ఇంద్రాణి. అప్పుడామె ఎం.ఏ. విద్యార్థిని. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరర్, సంఘం సంపుటాలకు సంపాదకురాలు. శాసనంలో ఆరో పంక్తి ‘పెద్దింటి తిమ్మానాయనింగారు తూము కట్టించి’ అని ఆ వ్యాసం చెప్పింది. పెద్దింటివాళ్లంటే మాజీ మండలాధ్యక్షుడు దివాకర్ కుటుంబం. ఆ పుస్తకం చూపించి వాళ్లు చేటను తీసుకున్నారు.

పోయినవారం హబీబుల్లా ఆ రాతికి కొత్తగా సిరా నకలు తీశాడు. సంఘానికి నకళ్లు తీసేది అతనే. అంతకుముందు అతని నాయన బుడేన్ సాబ్ తీసేవాడు. తడి కాగితం రాతికి అంటించి, కుంచెతో కొట్టి, సిరా అద్దితే రాయి నల్లగా, చెక్కిన అక్షరాలు తెల్లగా కాగితం మీదికి వస్తాయి. ఆరో పంక్తిలో మొదటి మూడు అక్షరాలు వచ్చాయి. ‘నీరుగ’. ఆ తర్వాత కాగితం చివరిదాకా నలుపే.

ముప్పై ఒకటో సంపుటం ఈ సాయంత్రం కమలానగర్ ప్రెస్సుకు పోవాలి. శుక్రవారం చెరువుకట్ట మీదే దాని ఆవిష్కరణ. ఆవిష్కరించేది దివాకర్. ఆ సంపుటం చివరి పేజీలో ఒక సవరణ వేయాలని ఇంద్రాణి రాసుకొచ్చింది. సంఘం నియమం ప్రకారం సవరణ మీద అధ్యక్షుడి సంతకం ఉండాలి. అధ్యక్షుడు జయరాం. ఆమెకు చదువు చెప్పిన సారు. వయసు డెబ్బై తొమ్మిది.

బుక్కరాయసముద్రంలో ఆయన ఇంటి ముందు ఇంద్రాణి ఆటో దిగింది. వెనక లక్ష్మక్క దిగింది. సోమవారం నుంచి ఆమె సంఘం ఆఫీసు వదల్లేదు. కాగితం చేతికి వచ్చేదాకా ఊరికి పోనని చెప్పింది. ఆటో ఎక్కేటప్పుడు ఆఫీసులోనే కూర్చోమని ఇంద్రాణి అంటే, కూర్చోవడానికి ఇంత దూరం రాలేదని ముందే ఎక్కి కూర్చుంది.

జయరాం హాల్లో ఉన్నాడు. మూడు గోడలకు పుస్తకాల బీరువాలు, నాలుగో గోడకు ఇనప అల్మరా. ఆయనకు ఎడమ చెవి వినపడదు. కుడివైపు కుర్చీ చూపించాడు. ఇంద్రాణి కూర్చుంది. లక్ష్మక్కకూ కుర్చీ చూపించాడు. ఆమె గడప దగ్గర కింద కూర్చుని, ఇక్కడైతే మాట బాగా వినపడుతుందని చెప్పింది.

ఇంద్రాణి కాగితం ఇచ్చింది. జయరాం కళ్లద్దాలు మార్చుకుని చదివాడు. సవరణ ఐదు వాక్యాలు. తొమ్మిదో సంపుటం, నలభై ఏడో పేజీ. ఆరో పంక్తిగా ప్రచురించిన అక్షరాలు రాతి మీద లేవు. మొదటి మూడు అక్షరాలు ‘నీరుగ’ అని ఉన్నాయి. మిగతాది అరిగిపోయింది. ఇది నాలుగు వాక్యాల సంగతి. ఐదోది: ఆ పఠనం అప్పటి సంపాదకులు జయరాం గారిది.

ఆయన ఐదో వాక్యం మీద వేలు పెట్టాడు.

“ఇది నీకు గుర్తుండి రాసినావా, రాయాలని రాసినావా?”

గుర్తుందని ఇంద్రాణి చెప్పింది. తన చేతిలో సుద్ద ఉంది, సారు పక్కన నిలబడి ఒక్కో అక్షరం చెబుతుంటే తాను నింపింది. సాయంత్రపు ఎండ రాతికి పక్కనుంచి పడుతోంది. అది కూడా గుర్తుందని చెప్పింది.

సుద్ద నింపడం అప్పట్లో సంఘంలో అలవాటు. అరిగిన రాయి ఫొటోలో తెలియదు. అక్షరాల గాట్లలో సుద్ద నింపితే తెలుస్తుంది. అయితే ఫొటోలో పడేది రాయి కాదు, సుద్ద పట్టుకున్న మనిషికి కనిపించింది. ఆ సంగతి ఇంద్రాణి ఇప్పుడు తన విద్యార్థులకు మొదటి క్లాసులోనే చెబుతుంది.

జయరాం లేచి అల్మరా తెరిచాడు. కింది అరలోంచి ఒక నోటుపుస్తకం తీశాడు. ఆయన ఊరూరూ తిరిగి శాసనాలు చూసినప్పుడల్లా రాసుకున్న పుస్తకాలు నలభై దాకా ఉన్నాయి. ఇది 2003 ఫిబ్రవరిది. పేజీ వెతకడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

ఆ పేజీలో ఆయన రాత ఉంది. పైన ‘నల్లబండపల్లి, ఉదయం 9’ అని ఉంది. పంక్తులు వరసగా రాసి ఉన్నాయి. ఆరో పంక్తి దగ్గర: ‘మూడు అక్షరాలు చేతికి తగులుతున్నాయి. నీ–రు–గ. తర్వాత ఏమీ లేదు. ఎండ మారాక మళ్లీ చూడాలి.’

ఇంద్రాణి ఆ పేజీని రెండుసార్లు చదివింది. తర్వాత, పొద్దున తొమ్మిదికే సారుకు ఇది తెలుసన్న మాట అని అంది. తెలిసీ సాయంత్రం ఇంకొకటి చెప్పారని అంది. గొంతు పెంచలేదు. సంఘానికి స్థలం దివాకర్ నాయన చెన్నప్ప ఇచ్చిందని, ఆ స్థలంలోనే సంఘం భవనం లేచిందని, అది ఆ సంవత్సరమే జరిగిందని వరసగా చెప్పుకుంటూ పోయింది. జయరాం అడ్డం రాలేదు. ఆమె ఆపాక అడిగాడు.

“మధ్యాహ్నం భోజనం యాడ చేసినాము?”

చెన్నప్ప ఇంట్లో. ఆమెకు అదీ గుర్తుంది.

శాసనం ఉన్న ఊరికి పోతే ఊళ్లో పెద్ద ఇంట్లో భోజనం చేయడం సంఘం మొదలైన నాటినుంచీ ఉన్న పద్ధతి. హోటళ్లు లేని ఊళ్లు. ముందురోజే కబురు పోతుంది. ఇంటాయన పక్కన కూర్చుని వడ్డింపిస్తాడు. చెరువు ఎవరు తవ్వించారో, గుడి ఎవరు కట్టించారో వడ్డిస్తున్నంతసేపూ చెబుతాడు. చేయి కడుక్కున్నాక అందరూ రాయి దగ్గరికి పోతారు.

“ఆ పొద్దు బెల్లం ఓళిగలు పెట్టినారు,” అన్నాడు జయరాం. “నేను తిని వాళ్ల వసారాలో పడుకున్నా. నాకు అప్పుడు షుగర్ అని తెలీదు. లేచేపాటికి ఐదున్నర. మీరు రాయి కాడ పని ముగించుకోని వచ్చేసినారు. మధ్యాహ్నం నేను కట్ట ఎక్కనే లేదమ్మా.”

ఇంద్రాణి కాదని చెప్పింది. ఆయన పేజీ తిప్పాడు.

వెనక పేజీలో రాత ఆయనది కాదు. గుండ్రటి అక్షరాలు, నీలం సిరా, తలకట్లు కొంచెం పైకి లేచి ఉన్నాయి. పైన ‘సాయంత్రం 4.30’ అని ఉంది. కింద ఒకే వాక్యం. ‘6వ పంక్తి: పెద్దింటి తిమ్మానాయనింగారు తూము కట్టించి. స్పష్టం.’

ఆ రాత ఎవరిదని ఆయన అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఇప్పటికీ ఆమె తలకట్టు అట్లాగే పెడుతుంది.

ఆమె చాలాసేపు ఆ పేజీనే చూసింది. ఫ్యాను గాలికి పేజీ లేస్తుంటే వేలితో అదిమిపట్టుకుంది. ఇరవై రెండేళ్లుగా తనకు వినిపిస్తున్న గొంతు ఒకటి ఉంది. పక్కన నిలబడి ఒక్కో అక్షరం చెప్పే గొంతు. అది సారుది కాకపోతే ఎవరిదో ఆలోచించింది. రాయి దగ్గరికి తనతో వచ్చినవాళ్లు ఇద్దరు. బుడేన్ సాబ్, చెన్నప్ప.

“చెన్నప్ప చెప్పినాడు,” అంది చివరికి.

“చెప్పింటాడు. ఆయన తన తాతల నాటి పేరు చెప్పినాడు. చదివింది నువ్వు.”

“మరి మీకు పొద్దుననే తెలుసు కదా సార్.”

“తెలుసు. రాత్రి బస్సులో ఈ పేజీ చూసినా. స్పష్టం అని రాసినావు. నాకు కండ్లు తగ్గినాయేమో అనుకున్నా. వయసులో ఉండే పిల్ల, సాయంత్రం ఎండలో చూసింది, సరిగానే చూసింటాదిలే అనుకున్నా. నెల తర్వాత ఇది వచ్చింది.”

ఆయన మళ్లీ అల్మరా దగ్గరికి పోయి, గుడ్డలో చుట్టిన కాగితపు చుట్ట ఒకటి తెచ్చాడు. బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు పుస్తకాలు పెట్టాడు. సిరా నకలు. మూలలో ఉర్దూలో బుడేన్ సాబ్ సంతకం, తారీకు. అది 2003 ఫిబ్రవరిలో, అదే రోజు మధ్యాహ్నం తీసింది. ఆరో పంక్తిలో మూడు అక్షరాలున్నాయి. తర్వాత నలుపు.

ఈ నకలు ఎలుకలు కొట్టేశాయని సంఘం రిజిస్టరులో రాసి ఉంది. ఆ మాట రాసింది జయరాం.

ఇంద్రాణి ఎందుకని అడిగింది. ఆయన కూర్చుని చెప్పాడు. పెద్దగా ఏమీ లేదన్నట్టే చెప్పాడు. నకలు ఆరి, బుడేన్ సాబ్ దాన్ని తెచ్చి ఇచ్చేసరికి సంపుటం బైండింగు అయిపోయింది. తప్పొప్పుల పట్టిక ఒకటి అచ్చువేసి ప్రతి పుస్తకంలో పెట్టొచ్చు. ఒకరోజు పని. కానీ ఆ పదిహేను రోజుల్లోనే ఆమెకు లెక్చరర్ ఇంటర్వ్యూ ఉంది. ఆమె దరఖాస్తులో చూపించిన ప్రచురణ ఒకటే. ఇంటర్వ్యూ కానీ, ఆ తర్వాత వేద్దాం అనుకున్నాడు. ఇంటర్వ్యూ అయింది. ఉద్యోగం వచ్చింది. అప్పటికి సంఘం భవనానికి చెన్నప్ప భూమిపూజ పెట్టించాడు. అది కానీ అనుకున్నాడు. అదీ అయింది.

“ఆ తర్వాత వేయడానికి ఏం అడ్డమొచ్చింది?”

“ఏమీ రాలేదు. ఊరికే వేయలేదు,” అన్నాడు జయరాం. “అబద్ధం నీది. దాచింది నేను. నీ కాగితంలో ఐదో వాక్యం మార్చి తీసుకురా. ఇద్దరి పేర్లూ రాయి. సంతకం పెడతా.”

లక్ష్మక్క ఇప్పుడు లేచి బల్ల దగ్గరికి వచ్చింది. నకలు వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. ఆ కాగితం తమ ఊరి రాతిదేనా అని అడిగింది. అవునని ఇంద్రాణి చెప్పింది. ఏ పొద్దు తీసిందని అడిగింది. మీరు అన్నం తిన్న పొద్దేనా అంది. అవునంది.

“నాకు ఆ పొద్దు గురుతుండాది,” అంది లక్ష్మక్క. “రాయి కడగల్ల నీళ్లు తేప్పా అని కబురు పెడితే మా ఆయన పదారు బిందెలు మోసినాడు. బుడేన్ సాబు వాళ్లింట్లో తినలే. చింతచెట్టు కింద కూచ్చోని రొట్టె తిన్యాడు. మా ఆయనే చట్నీ ఇచ్చినాడు. మీరు ఇద్దరూ మా ఇంటికి రాలే. వస్తారనీ మేము అనుకోలే.”

జయరాం తల వంచుకున్నాడు.

ఆమె ఇంద్రాణి వైపు తిరిగింది. తాను చెప్పాల్సింది కొంత ఉందని, చెప్పి ఊరుకుంటానని అంది. ఆ పుస్తకం వచ్చిన రెండేళ్లకు చెరువు మరవ పారింది. తిప్పయ్య ఎప్పటిలాగే చేట నెత్తిన పెట్టుకుని పోయాడు. కట్ట మీద చెన్నప్ప మనుషులు ఆపారు. నలభై ఏడో పేజీ తెరిచి, అనంతపురంలో చదువుకున్నోళ్లు రాసినారప్పా, మాదేముంది అన్నారు. తిప్పయ్య చేట దించి, అందులో చీర మడత చెదరకుండా ఇంటికి తెచ్చాడు. తర్వాత రెండుసార్లు చెరువు పారింది. అతను కట్ట దిక్కు పోలేదు. తూము చెడిపోతే మాత్రం రాత్రనక పగలనక పిలిచేవాళ్లు. అప్పుడు పోయేవాడు.

“చచ్చిపోయే ముందర నన్ను ఒకటే అడిగినాడు. రాతి మీద నిజంగా వాళ్ల పేరే ఉండాదేమో, మనమే ఇన్ని తరాలు తప్పు చేసినామేమో అని. ఏం చెప్పల్ల నేను? చదువొచ్చినోళ్లు రాసినారు కదా, ఉంటాదిలే అన్న్యా. ఆ మాట పట్టుకోని పోయినాడు.”

ఇంద్రాణి కాగితం తీసుకుని ఐదో వాక్యం కొట్టేసింది. కింద రాసింది: ‘ఆ పంక్తిని సుద్దతో నింపినది, చదివినది వ్యాసకర్త ఇంద్రాణి. దానికి విరుద్ధంగా ఉన్న నకలును బయటపెట్టనిది సంపాదకులు జయరాం.’ జయరాం తీసుకుని చదివి సంతకం చేశాడు. తారీకు వేశాడు. ఆ రాతి మీద నీరుగంటి అని పూర్తిగా లేదని, మూడు అక్షరాలతో ఎవరి హక్కూ తేలదని, అది కూడా ఈమెకు చెప్పడం ధర్మమని ఇంద్రాణితో అన్నాడు.

లక్ష్మక్క ఆ మాట విన్నది.

“మా పేరు ఉండాదని రాయమనలే సార్. వాళ్ల పేరు లేదని రాయండి. సాలు.”

అప్పుడు ఇంద్రాణి ఫోను మోగింది. హబీబుల్లా. పొద్దుననే నల్లబండపల్లికి పోయాడు. ఆవిష్కరణ రోజు పెట్టడానికి ఇంకో నకలు తీయమని ఆమే పంపించింది. జయరాంకు వినపడాలని ఆమె స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద ఉంచింది.

“మేడమ్, నకలు తీయనిచ్చేది లేదంట. ఈడ పని జరుగుతాండాది.”

ఏం పని అని ఆమె అడిగింది.

“ఉలి పని మేడమ్. శిల్పిని పిలిపించినారు. అక్షరాలు అరిగిపోయినాయి, పూజకొచ్చేవాళ్లకు కనపడల్ల అని మళ్లీ చెక్కిస్తాండారు. మన పుస్తకం తెరిచి పక్కన పెట్టుకున్నారు. ఫొటో చూసి చెక్కుతాండాడు. మొన్నటి నుంచి ఐదు లైన్లు అయిపోయినాయంట.”

ఫోనులో వెనక రాతి మీద ఇనుము పడే చప్పుడు వినిపిస్తోంది. మూడు దెబ్బలు, ఆగడం, మళ్లీ మూడు దెబ్బలు. ఇంద్రాణి లేచి నిలబడింది. ఆపమని చెప్పు అంది. తను చెబితే వినరని, అన్నే ఇక్కడ ఉన్నాడని హబీబుల్లా చెబుతుండగానే ఫోను చేతులు మారింది.

“అక్కా, నేను దివాకర్. మంచి పొద్దుకు దొరికినావు.” అతని గొంతు నెమ్మదిగా ఉంది. నీళ్లు బాగా వచ్చాయని, ముఖ్యులందరినీ పిలిచామని, ఆమెకు శాలువా తన చేత్తోనే కప్పుతానని చెప్పాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. ఆరో లైను దగ్గర ఫొటో సగం మసకగా పడింది. ఏమని రాశారో అచ్చులో ఉంది కానీ పాత అక్షరాలు ఎట్లా ఉండాలో శిల్పికి తెలియడం లేదు. “ఒక కాగితం మీద ఆ పాత రాతలో రాసి ఫొటో తీసి పంపక్కా. మనిషి ఉలి పట్టుకోని కూచ్చోనుండాడు.”

దెబ్బలు ఆగాయి.

జయరాం బల్ల మీది నకలు చూస్తున్నాడు. లక్ష్మక్క ఇంద్రాణిని చూస్తోంది.

“దివాకరన్నా,” అంది ఇంద్రాణి. “ఉలి కింద పెట్టమను. ఆ లైను రాతి మీద లేదు. ఎప్పుడూ లేదు. నేను సుద్దతో రాసినాను. తప్పు నాది. సవరణ వేస్తున్నాం, సారు సంతకం కూడా అయింది. ఆడ చెయ్యి పెట్టొద్దు.”

అవతల మరవ నీళ్ల చప్పుడు మాత్రం వినిపించింది.

“ఇరవై రెండేండ్ల తర్వాత చెప్తాండావా అక్కా,” అన్నాడు దివాకర్. కోపంగా లేదు. “రాతి మీద లేకుంటే ఏం? పుస్తకంలో ఉండాది కదా. సాయంత్రానికి రాతి మీద కూడా ఉంటాది. నీ సవరణ ఎవురన్నా చదివి ఈడికి వస్తే, వాళ్లకే కనపడతాదిలే.” శిల్పితో ఏదో అన్నాడు. పాత అక్షరాలు వద్దులే, అచ్చులో ఉన్నట్టే చెక్కు అన్నది స్పష్టంగా వినిపించింది.

మూడు దెబ్బలు. ఆగడం. మళ్లీ మూడు దెబ్బలు.

ఫోను మళ్లీ హబీబుల్లా చేతికి వచ్చింది. ఏం చేయాలని అడిగాడు. ఇంద్రాణి జవాబు చెప్పేలోపే లక్ష్మక్క బల్ల మీదికి వంగింది.

“హబీబూ, ఒక్కో అక్షరానికి ఆయప్ప ఎంతసేపు పట్టిస్తాండాడు?”

పావుగంట అని చెప్పాడు.

లక్ష్మక్క ఇంద్రాణిని అడిగింది.

“నువ్వు రాసిన లైనులో అక్షరాలు ఎన్ని?”

ఇంద్రాణి పుస్తకం చూడలేదు.

“పదిహేను,” అంది. నాలుగు గంటలకు పావుగంట తక్కువ. అంతలో ఊరు చేరొచ్చు.

లక్ష్మక్క సంతకమైన కాగితం తీసుకుని, మడిచి రొంటిన దోపుకుని, గడప దాటింది.